పదకొండు పేర్ల దండోరా

సీతాలక్ష్మి బియ్యం కడుగుతుండగా వీధి చివర తప్పెట మోగింది. ఆ శనివారం సాయంత్రం ఆ చప్పుడు కోసమే ఆమె గంట నుంచీ చెవులు రిక్కించుకుని ఉంది. దండోరా వేయిస్తున్నది ఆమే. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గడపలోకి వచ్చి నిలబడింది.

దండోరా వేసే నారాయణ గొంతు ప్రొద్దుటూరులో ఎవరికీ కొత్త కాదు. నగల అంగళ్ళ దగ్గర అరిస్తే మగ్గాల వీధిలో నేతగాళ్ళు తలెత్తి చూస్తారు.

"వినుకోండప్పో! మన బళ్ళో మూడో తరగతిలో పుస్తకం చదవను చేతగాని పిల్లోల్లు పదకొండు మంది తేలినారు! కళాయి పీర్ సాహెబ్ కూతురు షాహీదాబీ! మగ్గం లాల్ బాషా కొడుకు మున్వర్!"

పేర్లు వరసగా, తండ్రి పేర్లతో సహా, హాజరుపట్టీలో ఉన్నట్టే వచ్చాయి. ఒక్కటి తప్పలేదు, ఒక్కటి ముందువెనకలు కాలేదు. అక్షరమ్ముక్క రాని మనిషికి ఇంత జ్ఞాపకమా అని సీతాలక్ష్మి లోలోపల మెచ్చుకుంది కూడా.

"వీండ్లకు పొద్దున ఎనిమిదికి వేరేగా చదువు చెప్తారు! తల్లిదండ్రులు బడికాడికి వచ్చి సీతాలక్ష్మి టీచరమ్మతో మాట్లాడుకోవాల! మూడు దినాల్లోగా వచ్చి విడిపించుకపోకుంటే వేలం వేయబడునహో!"

ఆ చివరి మాట ఆమె చెప్పించింది కాదు.

నారాయణ దండోరాల్లో ముప్పాతిక వంతు బందెలదొడ్డివి. ఎవరి చేలోనో పడి మేసిన ఎనుమునో ఆవునో పట్టుకొచ్చి దొడ్లో కట్టేస్తారు. దాని కొమ్ముల వాటం, చెవికోత చెప్పి, మూడు దినాల్లో విడిపించుకుపోకుంటే వేలం అని వీధి వీధీ చాటడం అతని పని. ఇరవై ఏళ్ళుగా అతని నోట ప్రతి దండోరా ఆ కొసతోనే ముగుస్తోంది. సీతాలక్ష్మి పదకొండు పేర్లనూ అతని చేత మూడుసార్లు చెప్పించుకుంది. కొస సంగతి ఆమెకు తట్టలేదు. తట్టాల్సింది. ఆ వీధిలోనే రెండేళ్ళుగా అద్దెకుంటూ, వారానికోసారైనా ఆ కొస వింటూ ఉన్న మనిషికి తట్టి తీరాల్సింది.

చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది.

"నారాయణా! ఏందయ్యా ఆ చివరి మాట? నేను చెప్పినానా?"

నారాయణ తప్పెట చంకలో పెట్టుకుని బిక్కమొహం వేశాడు. "కొస లేకుంటే దండోరా నిలవదు గదమ్మా. పదకొండు పేర్లూ సరిగ్గా పలికినా, సూడు. నాలుగు వీధులూ అయిపోయినాయి. మీదే ఆఖరు."

ఇక పట్టుకోవడానికేమీ లేదు. మాట నాలుగు వీధులూ దాటిపోయింది.

ఇంతకూ ఈ దండోరా ఎందుకొచ్చిందంటే, ఒక చిరిగిన పుస్తకం వల్ల. షాహీదాబీ మూడో తరగతిలో అందరికన్నా గడగడా చదివే పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయి. లేచి నిలబడి, పుస్తకం రెండు చేతులా పట్టుకుని, పాఠం మొదలుపెడితే ఎక్కడా ఆగదు. సంక్రాంతి సెలవుల తర్వాత ఒకరోజు సీతాలక్ష్మి ఆ పిల్ల పక్కనే నిలబడి వింటూ పుస్తకంలోకి చూసింది. నడుమ ఒక కాగితం చినిగిపోయి ఉంది. షాహీదాబీ ఆ లేని కాగితాన్ని కూడా చదివేసి, తర్వాతి పేజీలోకి దాటుకుంది.

సీతాలక్ష్మి అక్కడే పాఠం ఆపించింది. వేరే పుస్తకం తెచ్చి ఇచ్చింది. పిల్ల నోరు పెగల్లేదు. కంటితో నేర్చిన చదువు కాదది, చెవితో పట్టిన పాఠం. టీచరు ఒక వాక్యం చెప్పడం, ముప్పైనాలుగు గొంతులు కలిసి అరవడం. ఆ బళ్ళో చదువంటే అదే, ఆ చదువు చెప్పింది సీతాలక్ష్మే. రెండో తరగతిలోనూ ఆమే, మూడో తరగతిలోనూ ఆమే. ఆ వారమంతా ఒక్కొక్కరినీ విడిగా పిలిచి చదివించింది. పదకొండు మందికి అక్షరాలు కూడబలుక్కోవడమైనా రాదని తేలింది. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిందని హెడ్మాస్టరు త్రివిక్రమరావు బడి బోర్డుకు కొత్త రంగు వేయించాడు. ఆ బోర్డు చదవలేని పిల్లలు దాని కిందినుంచే రోజూ లోపలికి వస్తున్నారు.

పొద్దున బడి గంటకు ముందు ఒక గంట ఆ పదకొండు మందిని కూర్చోబెట్టుకుందామనుకుంది. అయితే పొద్దున పిల్లలకు ఇంట్లో పనులుంటాయి, కండెలు చుట్టాలి, నీళ్ళు మోయాలి. తల్లిదండ్రులు ఒప్పుకోవాలి. అందుకని పదకొండు చీటీలు రాసి పిల్లల చేతికే ఇచ్చి పంపింది. రెండు వారాలైనా ఒక్కరూ రాలేదు. ఒక చీటీ శనగకాయల పొట్లమై బడికి తిరిగొచ్చింది. అప్పుడు ఎవరూ చెప్పకుండానే ఆమెకు దండోరా ఆలోచన వచ్చింది. చదవను రాని తల్లిదండ్రులకు చీటీ ఎందుకు, చెవిన వేస్తే సరిపోదా అనుకుంది. పేర్లు చెప్పకుంటే ఎవరికి వారు మన పిల్లలు కాదులే అనుకుంటారని పేర్లు కూడా చెప్పించింది.

సోమవారం బడి గంట కొట్టేసరికి ఆ పదకొండు మందిలో ముగ్గురే వచ్చారు. షాహీదాబీ చోటు ఖాళీగా ఉంది. మధ్యాహ్నం ఉప్పు కొనడానికి అంగడికి వెళితే అక్కడే విన్నది మిగతా కథ. ఆదివారం పీర్ సాహెబ్ కొలిమితిత్తి భుజాన వేసుకుని గిన్నెలకు కళాయి పూస్తానని వీధుల్లో కేక వేస్తే, ఇంటింటి పిల్లలూ వెంటబడి బందెలదొడ్డి, బందెలదొడ్డి అని అరిచారట. ఆ మనిషి సగం వీధి నుంచే వెనక్కి తిరిగాడట. కేక వేసి బతికే మనిషి నోరు తను మూయించిందని సీతాలక్ష్మికి అర్థమై, ఉప్పు తీసుకోకుండానే ఇంటికొచ్చింది.

బడి వదిలాక నేరుగా పీర్ సాహెబ్ ఇంటికి వెళ్ళింది. వాకిట్లో బొగ్గుల గుంత, దాని పక్కన తిత్తి, కళాయి పూతకు వాడే నవాసాగరం డబ్బా, తోమని గిన్నెల కుప్ప. పీర్ సాహెబ్ ఆమెను చూసి కూడా లేవలేదు. తిత్తి ఒత్తుతూనే ఉన్నాడు. గోడ వారగా షాహీదాబీ ఇసుకతో ఒక చెంబు రుద్దుతోంది. టీచరును చూడగానే ఆ చెయ్యి ఆగిపోయింది.

"పీరన్నా," అంది సీతాలక్ష్మి.

"అన్నా గిన్నా అని పిలవద్దు టీచరమ్మా. నా ఇజ్జత్తు తప్పెట మీద కొట్టిస్తివి. ఇంగ ఏం మిగిలిందని వచ్చినావు?"

గోనెపట్టా తెర వెనక నుంచి అతని భార్య బిస్మిల్లా బీ అంది: "పీట వేసి కూసోబెట్టుప్పా. ఇంటికొచ్చిన మనిషి."

"నిలబడనీ. నా కూతుర్ని ఎనుముల్లో కలిపి నిలబెట్టింది గదా."

సీతాలక్ష్మి నిలబడే చెప్పింది. వేలం మాట తనది కాదని, నారాయణ నోటి వాటమని, పేర్లు పలికించడం మాత్రం తన తప్పేనని. చెబుతున్నంతసేపూ తన గొంతు తనకే ఎరువు తెచ్చుకున్నట్టు వినిపించింది.

పీర్ సాహెబ్ తిత్తి వదిలేసి లేచాడు. "వేలం మాట పోనీ. చదవను చేతగాదంటివే! నా బిడ్డ సాయంత్రం ఈ వాకిట్లో కూసుని చదువుతాంటే చుట్టుపక్కల ఆడోళ్ళు పని ఆపుకుని వింటాండారు. ఈ ఇంట్లో మూడు తరాలుగా చదివింది అదొక్కతే. దానికి చదువు రాదా?" నెత్తి మీది టోపీ తీసి, దాని మడతలోనుంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం బయటికి తీశాడు. "ఇది నువ్వు రాసింది గాదా? రెండు వారాలుగా టోపీలో పెట్టుకుని తిరుగుతాండా. రా బిడ్డా. టీచరమ్మకు చదివి ఇనిపించు."

షాహీదాబీ చెంబు పక్కన పెట్టి వచ్చింది. ఇసుక చేతులు పావడాకు తుడుచుకుని చీటీ అందుకుంది. వేలు మొదటి వరస కింద పెట్టింది.

"షాహీదాబీ శానా బాగా చదువుతాంది. తరగతిలో అందరికన్నా ముందు ఉండాది. వాండ్ల నాయనకు మా సలాములు చెప్పవలెను. ఇట్లు, సీతాలక్ష్మి టీచరు."

వేలు వరస వెంట కుదురుగానే నడిచింది. కానీ మాటలు అయిపోయేసరికి వేలింకా రెండో వరస నడుమే ఉంది. కింద ఇంకో రెండు వరసలు అలాగే మిగిలాయి. అది చూసే కళ్ళు ఆ వాకిట్లో సీతాలక్ష్మివే.

"చెప్పు," అన్నాడు పీర్ సాహెబ్. "ఇందులో ఉండేది ఇదేనా, కాదా?"

ఆ చీటీలో ఏముందో సీతాలక్ష్మికి కంఠతా వచ్చు. పదకొండుసార్లు తన చేత్తోనే రాసింది. ‘మీ అమ్మాయి షాహీదాబీకి పుస్తకం చదవడం రాలేదు. రోజూ పొద్దున ఎనిమిదికి పంపితే విడిగా కూర్చోబెట్టుకుని నేర్పుతాను. డబ్బు ఏమీ ఇవ్వనక్కరలేదు. ఒకసారి వచ్చి మాట్లాడగలరు.’ చెయ్యి చాచి తీసుకుని, గట్టిగా చదివితే చాలు. తను నిజం చెప్పిన మనిషి అవుతుంది. దండోరా కూడా నిజమే అవుతుంది. పీర్ సాహెబ్ నోరు మూతబడుతుంది.

షాహీదాబీ తల వంచుకోలేదు. టీచరు మొహంలోకే చూస్తోంది. పెదవులు బిగబట్టింది. తండ్రి ముందు, తెర వెనక తల్లి ముందు, ఇప్పుడు ఆ కాగితం నిజంగా చదివేస్తే ఈ పిల్ల జన్మలో మళ్ళీ పుస్తకం ముట్టదు. అంత భయం సీతాలక్ష్మి ఏ ఇన్‌స్పెక్టరు ముందూ పడలేదు.

"చీటీ నేనే రాసినా," అంది మెల్లగా. "దండోరా వేయించింది కూడా నేనే. తప్పు నాది. నీ బిడ్డది ఏమీ లేదు."

"చీటీ నిజమైతే దండోరా అబద్ధం."

పీర్ సాహెబ్ ఒక అడుగు ముందుకేశాడు.

"అబద్ధాన్ని నాలుగు వీధుల్లో తప్పెట కొట్టి చెప్పి, తప్పయిందని నా వాకిట్లో గుసగుసగా చెప్తాండావు. ఏం న్యాయం ఇది? నా పేరు యాడ పలికిందో, ఆడనే చెప్పు. చెప్పలేవు గదా? నాకు తెలుసు. రేపు పదిగంటల బస్సుకు పాపను పులివెందులకు పంపిస్తాండా. ఆడ మా చెల్లెలు మహబూబ్‌బీ ఇంట్లో చంటిపిల్లోల్లను ఎత్తుకోను మనిషి కావాలంట. ఇంగ ఈ ఊర్లో దీని మొహం ఎవురూ చూడరు."

తెర వెనక బిస్మిల్లా బీ ముక్కు చీదిన చప్పుడైంది. సీతాలక్ష్మి బయటికొచ్చింది. సందు మలుపు దాకా వెళ్ళి తిరిగి చూస్తే షాహీదాబీ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో చీటీ లేదు. అది మళ్ళీ టోపీలోకే వెళ్ళిపోయి ఉంటుంది.

దీపాలు పెట్టే వేళకు త్రివిక్రమరావు ఇంటి అరుగు మీద సీతాలక్ష్మి జరిగిందంతా చెప్పి, తను చేయబోయేది కూడా చెప్పింది. ఆయన కాఫీ లోటా కింద పెట్టాడు. మంచివాడే. కాకపోతే ఆయన మంచితనం ఇన్‌స్పెక్టరు వచ్చే వారంలో సెలవు తీసుకుంటుంది.

"మళ్ళీ తప్పెటా? మతి ఉండే మాట్లాడుతాండావా అమ్మా? గురువారం జమ్మలమడుగు నుంచి ఇన్‌స్పెక్టరు వస్తాండాడు. బడిదే తప్పని వీధిలో చాటిస్తావా?"

"బడి తప్పు అనను సార్. నా తప్పు అంటా."

"నువ్వు బడి కాదా?" ఆయన గొంతు తగ్గించాడు. "నీది పర్మనెంటు ఉద్యోగం కూడా కాదు. తప్పెట వెనక వీధుల్లో నడిచిన ఆడమనిషికి ఈ బళ్ళో కుర్చీ వేయను నాకు చేతగాదు. ముందే చెప్తాండా. తర్వాత నన్ను అనొద్దు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆమె తండ్రి వీరభద్రయ్య జమ్మలమడుగులో పంచాంగం చెప్పే మనిషి. కూతురి ఉద్యోగం గురించి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకుని మురిసిపోతాడు. ఆయన పేరు తప్పెట మీద పలికితే? ఆ ఆలోచనకే పడుకున్నది లేచి కూర్చుంది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. పదకొండు మంది తండ్రుల పేర్లు అలా పలికించేటప్పుడు తనకు ఏమీ అనిపించలేదు. సిగ్గుతో చాలాసేపు నిద్ర పట్టలేదు.

తెల్లవారి ఏడింటికే బందెలదొడ్డి వెనక నారాయణ గుడిసె ముందు నిలబడింది. చెప్పాల్సిన మాటలు ఒక్కొక్కటిగా చెప్పి అతని చేత పలికించింది. అతను రెండోసారికే పట్టేశాడు. చివరకు వచ్చేసరికి ఆమె వేలెత్తింది.

"ఈడికి ఆపెయ్. వేలం లేదు, మూడు దినాలు లేవు. గుర్తుండాదా?"

"గుర్తుండాదమ్మా. కొస మింగేస్తా."

మొదటి వీధిలో సీతాలక్ష్మి తనే చెబుదామని చూసింది. నోరు తెరిచింది. ఎదురుగా అరుగుల మీద ఇరవై మంది చూస్తున్నారు. గాలి తప్ప మాట రాలేదు. నారాయణ ఆమె మొహం చూసి, ఇంకేం అడగకుండా తప్పెట మోగించాడు.

"వినుకోండప్పో! జమ్మలమడుగు వీరభద్రయ్య కూతురు సీతాలక్ష్మి టీచరమ్మ చెప్పుకుంటాండాది! శనివారం నాడు పదకొండు మంది పిల్లోల్లను చేతగానోల్లని చాటించింది తప్పు! పిల్లోల్లు పాఠం చెవినబడితే చాలు పట్టేస్తాండారు, కాగితం లేని చోట కూడా ఒప్పజెప్తాండారు! చెవికి చెప్పి, కంటికి చెప్పనిది టీచరమ్మ! రెండేండ్లు అక్షరం చూపకుండా పాఠం అరిపించింది టీచరమ్మ! చేతగానిది పిల్లోల్లకు గాదు, టీచరమ్మకు! రేపట్నుంచి పొద్దున ఎనిమిదికి ఆమె బళ్ళో కూసుని ఉంటాది! పిల్లోల్లను పంపమని తల్లిదండ్రులకు దండం పెట్టి అడుగుతాండాది!"

అక్కడ ఆగాడు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గుటక వేసి, ఇంకో దెబ్బ కొట్టి ముందుకు నడిచాడు. సీతాలక్ష్మి చేతులు జోడించి, మెడ వంచకుండా, అతని పక్కనే నడిచింది. 

రెండో వీధిలో ఆడవాళ్ళు కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. మగ్గాల వీధిలో లాల్ బాషా మగ్గం గుంటలోనుంచి పైకొచ్చి దారికడ్డంగా నిలబడ్డాడు. మున్వర్ తండ్రి. చెయ్యెత్తితే నారాయణ తప్పెట ఆపాడు.

"రెండేండ్లు నీ కాడికి పంపితిమి. పండుగలకు కూడా మగ్గం మీద కూసోబెట్టకుండా పంపితిమి. ఏం నేర్పినావు మరి?"

"అరవను నేర్పినా," అంది సీతాలక్ష్మి. తన గొంతే, బయటికి వచ్చేసింది. "చదవను నేర్పలేదు. ఇప్పుడు నేర్పుతా. తప్పు నాదైనప్పుడు మున్వర్ ఎందుకు చదువు పోగొట్టుకోవాలన్నా?"

లాల్ బాషా ఆమె వంక, తప్పెట వంక చూశాడు. "ఇంతమందిలో చెప్తాండావు. సరే చూస్తా," అని గుంటలోకి దిగిపోయాడు. వస్తాడో రాడో తెలియలేదు. ఆరా తీసే తీరిక కూడా లేదు. నగల అంగడి గోడ గడియారంలో తొమ్మిదిన్నర దాటింది. పీర్ సాహెబ్ ఇంటి సందు ముందుకు వచ్చేసరికి ఆ ఇంటి తలుపు గొళ్ళెం వేసి ఉంది.

"బస్టాండుకు పోయినారు," అంది పక్కింటి ముసలామె. "బిస్మిల్లా బీ కూడా కన్నీళ్ళు పెట్టుకుంటా వెంట పోయింది."

నారాయణ వెంట వస్తున్నాడో లేదో చూడకుండా సీతాలక్ష్మి దాదాపు పరుగెత్తింది. బస్టాండులో పులివెందుల బస్సు నిండుగా ఉంది. టాపు మీదికి మూటలు ఎక్కిస్తున్నారు. ఆ మూటల మధ్య ఒక చిన్న రేకుపెట్టె కనిపించింది. బస్సు కిటికీ పక్కన బిస్మిల్లా బీ కూతుర్ని పొదువుకుని నిలబడి ఉంది. పీర్ సాహెబ్ కండక్టరుతో ఏదో మాట్లాడుతున్నాడు. సీతాలక్ష్మిని చూసి మొహం తిప్పుకున్నాడు.

"కొట్టు నారాయణా," అంది రొప్పుతూ, వెనకే పరుగెత్తుకొచ్చిన అతనితో.

నారాయణ కొట్టాడు. బస్సులో తలలన్నీ కిటికీల్లోకి వచ్చాయి. మొదటినుంచీ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. జమ్మలమడుగు వీరభద్రయ్య కూతురు. కాగితం లేని చోట కూడా పాఠం ఒప్పజెప్పే పిల్లలు. లేని చోట కూడా పాఠం ఒప్పజెప్పే పిల్లలు. చేతగానిది టీచరమ్మకు. దండం పెట్టి అడుగుతాండాది. ఇంతమంది ఎదుట నిలబడి, అరిచి అరిచి గొంతు వేడెక్కి ఉందేమో, నాలుగు వీధులు మింగిన కొస అయిదో చోట ఆగలేదు.

"మూడు దినాల్లోగా వచ్చి విడిపించుకపోకుంటే వేలం వేయబడునహో!"

బస్టాండంతా ఒక్కసారిగా నవ్వింది. డ్రైవరు స్టీరింగు మీద పడి నవ్వాడు. "టీచరమ్మను వేలం వేస్తారంటప్పా!" అని ఎవరో కేక పెట్టారు. నారాయణ నాలుక కరుచుకుని నేల చూపులు చూశాడు. సీతాలక్ష్మి జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. చెవులు మండిపోతున్నాయి. అయినా ఆమె చూస్తున్నది పీర్ సాహెబ్‌ను ఒక్కడినే.

అతను నవ్వలేదు. కూతురి వంక చాలాసేపు చూశాడు. ఆ పిల్ల కూడా నవ్వలేదు, తల్లి చీరలోకి మొహం దాచుకుంది. పీర్ సాహెబ్ టోపీ తీశాడు. మడతలోని చీటీ తీసుకుని, కూతురికి వీపు పెట్టి, కండక్టరును బస్సు వెనక వైపుకు పిలుచుకుపోయాడు.

అంత దూరం నుంచి మాటలు వినపడవు. కండక్టరు పెదవులు కదలడం కనపడింది. రెండు వరసల దగ్గర ఆగలేదు. మూడో వరస, నాలుగో వరస, చివర పేరు. చదవడం అయిపోయింది. పీర్ సాహెబ్ ఏదో అన్నాడు. కండక్టరు విసుక్కుంటూ మళ్ళీ మొదటినుంచి చదివాడు. హారను మోగింది. సీతాలక్ష్మికి అర్థమైంది. తను దాచింది బయటపడింది. ఇప్పుడు ఆ పిల్లను కొడతాడా, బస్సెక్కించేస్తాడా? దండోరా వేసి తనే ఈ పని చేసిందా?

పీర్ సాహెబ్ చీటీని ఉన్న మడతల్లోనే మళ్ళీ మడిచాడు. బస్సు నిచ్చెన ఎక్కి రేకుపెట్టె దింపాడు. దాన్ని భార్య పక్కన పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని, జనంలోనుంచి నేరుగా సీతాలక్ష్మి ముందుకు వచ్చి నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అది బొగ్గుల పొగ కాదని ఎవరికైనా తెలుస్తుంది.

"మూడు దినాలు గడువిచ్చినాడు గదా నారాయణ," అన్నాడు, అందరికీ వినపడేలా. "మాకెందుకు అంత గడువు? ఈ దినమే టీచరమ్మను విడిపించుకపోదామని వచ్చినా."

మళ్ళీ నవ్వులు. ఈసారి నారాయణ కూడా నవ్వాడు. బస్సు పులివెందుల దారి పట్టి వెళ్ళిపోయింది. హెడ్మాస్టరు సంగతి, గురువారం వచ్చే ఇన్‌స్పెక్టరు సంగతి అలాగే ఉన్నాయి. కానీ సీతాలక్ష్మి ఆ క్షణాన అవేవీ తలుచుకోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నవ్వులు సద్దుమణిగాక పీర్ సాహెబ్ చీటీని ఆమె చేతిలో పెట్టాడు. కూతురు వింటూ ఉండగానే, ఏమీ ఎరగని మనిషిలా అన్నాడు:

"ఇది నీ కాడ పెట్టుకో టీచరమ్మా. నా టోపీలో చెమటకు నానిపోతాంది. పాప ఒకసారి చదివి ఇనిపించింది గానీ, నాకు సరిగ్గా గుర్తు లేదు. మళ్ళా దాని చేతనే చదివించు. మొదట్నుంచి కడదాకా, నిదానంగానే. తొందరేం లేదు. అంతవరకూ అందులో ఏం రాసినావో నాకు తెలీదు."

షాహీదాబీ తండ్రి మొహంలోకి చూసింది, తర్వాత టీచరు చేతిలోని కాగితం వంక చూసింది. సీతాలక్ష్మి దాన్ని జాకెట్లో దోపుకుని, ఆ ఇసుక గరుకు చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. అప్పటికి బడి గంట కొట్టి గంట దాటింది.